పుస్తకంలో నిజమేమో అనిపించింది తెరమీద ఎందుకు తేలిపోతుంది? (డావిన్సీ కోడ్, ఇన్ఫెర్నో వగైరా - స్పాయిలర్లు ఉన్నాయి)

పాతపుస్తకాలపురుగు

నిన్న రాత్రి డావిన్సీ కోడ్ సినిమా మళ్ళీ పెట్టుకుని చూశాను. 2006లో చూసినప్పుడు అనిపించిందే ఇప్పుడూ అనిపించింది. డాన్ బ్రౌన్ నవల చదువుతున్నప్పుడు తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చుని "అంటే యేసుకి పెళ్ళయిందని చర్చి నిజంగానే దాచిందా" అని అనుకున్నవాణ్ణి. అదే కథ టామ్ హాంక్స్ నోట వింటుంటే నిద్ర ముంచుకొచ్చింది. కథ మారలేదు. లూవ్ర్ మ్యూజియంలో శవం, వెనకాల పోలీసులు, పారిస్ నుంచి లండన్, అక్కణ్ణుంచి స్కాట్లాండ్. అన్నీ ఉన్నాయి. నమ్మకమే లేదు.

ఏంజెల్స్ అండ్ డెమన్స్ (2009) కాస్త నయం. ఇన్ఫెర్నో (2016) అయితే పుస్తకం రాసినాయన చూసి ఏమనుకున్నాడో అనిపించింది. చరిత్రనీ కల్పననీ కలిపి అల్లిన ఈ కుట్ర నవలలకే ఇలా అవుతుందా, లేక నేను టామ్ హాంక్స్ హెయిర్ స్టైల్ మీద కోపం అంతా సినిమా మీద చూపిస్తున్నానా?

ఇంటర్వెల్_బజ్జీ

హెయిర్ స్టైలే. కేసు క్లోజ్.

కోఠీ_కుర్రోడు

మా బ్యాచ్‌లో చాలామందికి ఆ సినిమా థియేటర్లో చూసే అదృష్టమే పట్టలేదు అన్నా. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నిషేధించారు కదా. నిషేధించారని తెలిసిన సాయంత్రానికే కోఠీలో పేవ్‌మెంట్ మీద సీడీలు రెట్టింపు రేటుకి అమ్మారు. హాస్టల్లో ఒక కంప్యూటర్ ముందు పదిహేను తలకాయలు. ఎవడో థియేటర్లో కెమెరాతో తీసిన ప్రింటు, మధ్యలో ఒకడు లేచి బాత్రూమ్‌కి పోతుంటే వాడి తల మోనాలిసాకి అడ్డం వచ్చింది. మాకు మాత్రం థ్రిల్లే థ్రిల్లు. సర్కారు ఆపిందంటే లోపల ఏదో ఉందనే కదా లెక్క!

నిద్రపట్టదు

అదే కదా అసలు పబ్లిసిటీ. దాచారు అన్న కథని దాచిపెడితే కథ నిజమైపోతుంది.

వకీల్‌సాబ్_కాదు

ఆ నిషేధం ఎంతోకాలం నిలవలేదు. సెన్సార్ బోర్డు 'ఏ' సర్టిఫికెట్ ఇచ్చింది, ఇదంతా కల్పితం అని తెరమీద కార్డు వేయించింది. దేశంలో విడుదల కూడా ప్రపంచం కంటే ఒక వారం ఆలస్యంగా, మే 26న జరిగింది. జూన్‌లో మన ప్రభుత్వం సినిమాల నియంత్రణ చట్టం కింద ఆపేసింది. డిస్ట్రిబ్యూటర్లు హైకోర్టుకి వెళ్ళారు, జస్టిస్ గోదా రఘురామ్ ఆ ఉత్తర్వు కొట్టేశారు. సెన్సార్ సర్టిఫికెట్ ఉన్న సినిమాని, కొందరు అభ్యంతరం చెప్పారన్న కారణంతో ఆపేయడం కుదరదన్నది ఆ తీర్పు సారం. తమిళనాడులోనూ నిషేధించారు, అక్కడా మద్రాసు హైకోర్టులో నిలవలేదు. లా చదివేవాళ్ళు భావ ప్రకటన స్వేచ్ఛ కింద ఈ కేసు ఇప్పటికీ చదువుతారు. సినిమా ఎవరికీ గుర్తులేకపోయినా తీర్పు మిగిలింది.

గుంటూరు_గ్రేస్

మా ఇంట్లో కథ వేరు. మా తాతగారు పాస్టరు. ఆ ఏడాది మా చర్చిలో వరసగా ఆదివారాలు దీని మీదే ప్రసంగాలు. "డావిన్సీ కోడ్ అబద్ధాలు" అని ఒక కరపత్రం కూడా పంచారు. అందులో ఏయే అబద్ధం ఏ అధ్యాయంలో ఉందో అంతా వివరంగా వేశారు. దాంతో యూత్ గ్రూపులో నవల కొనని పిల్ల లేదు. ఆ కరపత్రాన్నే గైడులా పక్కన పెట్టుకుని చదివాం.

అయితే మా తాతగారి బాధ నవ్వులాట కాదు. ఆయన బ్రతుకంతా నమ్మిన యేసుకి పెళ్ళి, సంతానం అంటగట్టి, పైగా పుస్తకం మొదటి పేజీలోనే 'వాస్తవం' అని శీర్షిక పెట్టి రాస్తే ఎవరికైనా కడుపు మండుతుంది. కథ అంటే ఆయన ఊరుకునేవారు. ఆ పేజీ దగ్గరే ఆయనకి చిర్రెత్తింది.

పాతపుస్తకాలపురుగు

గ్రేస్ గారూ, మీరు సరిగ్గా అక్కడికే వచ్చారు. ఆ మొదటి పేజీ సినిమాలో లేదు! కథలో ఆ రహస్యాన్ని కాపాడే ప్రియరీ ఆఫ్ సయన్ అనే సంఘం నిజమైన సంస్థ, ఈ నవలలోని కళాఖండాలు, భవనాలు, పత్రాలు, రహస్య పూజల వర్ణనలు సరైనవే అని నవల ముందే ఒట్టేసి చెబుతుంది. మిగతా 400 పై పేజీలూ ఆ ఒట్టు మీదే నడుస్తాయి. సినిమాలో ఆ ఒట్టు లేదు. మన దగ్గరైతే తిరగేసి, కల్పితమని కార్డు వేశారు.

చరిత్రమాస్టారు

ఆ ఒట్టులో ఎంత సత్యం ఉందో చెప్పనివ్వండి, రిటైరయ్యాక ఇదే పని నాకు.

ప్రియరీ ఆఫ్ సయన్ అనేది ఉన్న మాట నిజమే. 1956లో ఫ్రాన్స్‌లో అన్నెమాస్ దగ్గర పియెర్ ప్లాంటార్ అనే ఆయన రిజిస్టర్ చేయించిన సంఘం. సయన్ అంటే జెరూసలేం కాదు, ఆ ఊరి పక్కనున్న కొండ పేరు. తర్వాత ఆయనా, ఆయన స్నేహితుడూ కలిసి దొంగ పత్రాలు తయారుచేసి, పారిస్ జాతీయ గ్రంథాలయంలో చేర్పించారు. లియొనార్డో, న్యూటన్ అందరూ మా సంఘం అధ్యక్షులే అని అందులో జాబితా. లైబ్రరీలో ఉంది కాబట్టి నిజం అని జనం నమ్మారు. 1982లో ముగ్గురు రచయితలు 'హోలీ బ్లడ్, హోలీ గ్రెయిల్' అని పుస్తకం వేశారు. డాన్ బ్రౌన్‌కి ముడిసరుకు అక్కడిదే.

325లో క్రైస్తవ బిషప్పులు కూడిన నైసియా సభలో ఓట్లేసి యేసుని దేవుణ్ణి చేశారని, అదీ స్వల్ప తేడాతో అని నవలలో టీబింగ్ అనే చరిత్రకారుడు అంటాడు. ఆ సభలో తీర్మానం మీద సంతకం పెట్టబోమన్నవాళ్ళు చివరికి ఇద్దరే బిషప్పులు. ఏ సువార్తలు ఉంచాలి, ఏవి తీసేయాలి అన్న విషయం అక్కడ తేల్చనే లేదు.

ఇక మగ్దలేనా మరియని యేసు ముద్దు పెట్టుకున్నాడన్న ఫిలిప్ సువార్త వాక్యం. ఆ కాప్టిక్ ప్రతి 1945లో ఈజిప్టులో నాగ్ హమ్మాది దగ్గర దొరికింది. సరిగ్గా ఎక్కడ ముద్దు పెట్టుకున్నాడో చెప్పాల్సిన చోట కాగితానికి చిల్లు ఉంది. నోరా, నుదురా, చెయ్యా అన్నది ఆ చిల్లులో పోయింది. దాని మీద ఎన్ని కోట్ల పుస్తకాలు అమ్ముడుపోయాయో!

ఇంటర్వెల్_బజ్జీ

చెదపురుగు ప్రియరీ మెంబరు అయ్యుంటుంది.

వేటపాలెం_వాసు

నాకు దొరికింది ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పైరసీ కాపీ. అందులో ఒక ఫారం మొత్తం లేదు, 16 పేజీలు. పోయినవి ఏ పేజీలనుకున్నారు? టీబింగ్ బంగళాలో కూర్చుని లియొనార్డో వేసిన లాస్ట్ సప్పర్ బొమ్మ గురించి ఉపన్యాసం ఇస్తాడే, అందులో మొదటి సగం. నాకు ఆ లెక్చరు తెలియకుండానే కథ ముందుకెళ్ళిపోయింది. వీళ్ళంతా దేని కోసం పరిగెడుతున్నారో అర్థం కాకపోయినా పుస్తకం కింద పెట్టలేదు. తర్వాత లైబ్రరీలో మంచి కాపీ తీసుకుని ఆ పేజీలు చదివాను. నిజం చెప్పాలంటే కథకి అవి అక్కర్లేదు. నమ్మకానికే కావాలి.

రీల్_రాజ్యం

వాసు చెప్పిన ఆ సీనే తీసుకుందాం, ఎందుకు తేలిపోయిందో దాంట్లోనే ఉంది.

నవలలో టీబింగ్ ముందు హీరో వెంట వచ్చిన సోఫీని అడుగుతాడు, ఆ బొమ్మలో గిన్నె ఎక్కడుందో చెప్పమని. ఆమె కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకుంటుంది. పాఠకుడూ తెచ్చుకుంటాడు. బొమ్మ మన కళ్ళ ముందు లేదు, మన బుర్రలో ఉంది. అక్కడ యేసు పక్కన కూర్చున్నది ఆడమనిషి అని చెప్పగానే మన బుర్రలో బొమ్మ మారిపోతుంది. లేచి వెళ్ళి నెట్‌లో వెతుకుతాం, అప్పటికే మనం సగం నమ్మేశాం.

సినిమాలో ఇయాన్ మెకెల్లన్ పెద్ద స్క్రీన్ మీద ఆ బొమ్మ వేసి, ఆ ఆకారాన్ని పట్టుకుని ఇటు నుంచి అటు జరుపుతాడు. తల యేసు భుజం మీద ఆనుతుంది. చూడటానికి బావుంది. కానీ కంప్యూటర్లో బొమ్మ జరిపాడని మనకి కనబడుతూనే ఉంది కదా! ఎవరి పక్కన ఎవరినైనా కూర్చోబెట్టొచ్చు అలా. పైగా అదే సీన్లో హీరో లాంగ్డన్ అడ్డు తగులుతుంటాడు, "ఇది ఒక సిద్ధాంతం మాత్రమే" అన్న ధోరణిలో. నవలలో అతను టీబింగ్‌తో కలిసి సోఫీకి పాఠం చెబుతాడు. సినిమాలో హీరోనే సందేహిస్తుంటే ప్రేక్షకుడెందుకు నమ్ముతాడు? చర్చి గొడవ చేస్తుందని దర్శకుడు రాన్ హోవర్డ్ జాగ్రత్త పడ్డాడనే నా అనుమానం.

డల్లాస్_దొర

రాజ్యం గారు సగమే చెప్పారు. జాగ్రత్త పడ్డవాడు చివర్లో అలా తీస్తాడా? నవల చివర స్కాట్లాండ్‌లోని రాస్లిన్ చాపెల్‌లో సోఫీకి అమ్మమ్మా, బ్రతికున్న తమ్ముడూ కనబడతారు, కుటుంబ కథలా ముగుస్తుంది. సినిమాలో తమ్ముడు లేడు. యేసు వంశంలో బ్రతికున్న ఆఖరి మనిషి సోఫీయే అని తేల్చి చెప్పేస్తారు. తర్వాత ఆమె నీళ్ళ మీద కాలు పెట్టి చూసి, మునిగాక "ద్రాక్షరసంతో ప్రయత్నిస్తా" అన్నట్టు జోకేస్తుంది. అంటే సినిమా నవల కంటే ఒక అడుగు ముందుకే వెళ్ళింది. మెత్తబడింది లాంగ్డన్ నోరే, కథ కాదు.

రీల్_రాజ్యం

ఆ జోకు వల్లే ఆ అడుగు నీళ్ళలో కలిసిపోయింది గదా దొరగారూ.

నిద్రపట్టదు

షూటింగ్ కష్టాలు కూడా ఒక కారణం అయ్యుండాలి. సెయింట్ సుల్పీస్ చర్చివాళ్ళు లోపలికి రానివ్వలేదు, సెట్ వేసుకున్నారు. నవలలో 'రోజ్ లైన్' అని రాసింది అబద్ధం, అది ఖగోళ లెక్కల కోసం వేసిన ఇత్తడి గీత మాత్రమే అని ఆ చర్చివాళ్ళు లోపల నోటీసు కూడా పెట్టారు. వెస్ట్‌మిన్‌స్టర్ ఆబే కూడా కుదరదంది. లింకన్ కెథెడ్రల్ ఒప్పుకుని లక్ష పౌండ్ల విరాళం తీసుకుంది, షూటింగ్ జరుగుతుంటే ఒక సన్యాసిని బయట మోకరించి గంటలకొద్దీ ప్రార్థన చేసింది. లూవ్ర్ మాత్రం రాత్రిళ్ళు షూట్ చేసుకోమంది, కానీ అసలు మోనాలిసా మీద లైట్లు వేయనివ్వలేదు, నకలు పెట్టి తీశారు.

మొత్తం కలిపి చూడండి. అసలు చోటు అని చెప్పుకునే కథకి సగం చోట్ల నకలు దొరికింది.

కోఠీ_కుర్రోడు

ఏంజెల్స్ అండ్ డెమన్స్‌కి వాటికన్ అయితే గేటు దగ్గరే ఆపేసింది. రోమ్ చర్చిల లోపల షూటింగ్‌కి అనుమతి లేదు. అమెరికాలో ఒక గుర్రపు పందాల మైదానంలో సెయింట్ పీటర్స్ స్క్వేర్ సెట్ వేశారు. నాకైతే అదే బాగా నచ్చింది బ్రో. ఆ సినిమా నమ్మించాలని చూడదు, పరిగెడుతుంది. గంటకో కార్డినల్‌ని చంపుతానన్నప్పుడు ఎవడికి చరిత్ర కావాలి?

చరిత్రమాస్టారు

చరిత్ర అడిగితే ఆ కథలోని ఇల్యుమినాటి రహస్య సంఘం మొత్తం కూలిపోతుంది బాబూ. అసలు ఇల్యుమినాటి 1776 మే 1న బవేరియాలో ఆడం వైస్‌హాప్ట్ పెట్టిన సంఘం. గెలీలియో 1642లోనే పోయాడు. నవలలో చెప్పినట్టు ఆయన ఇందులో సభ్యుడెలా అవుతాడు?

ఇంటర్వెల్_బజ్జీ

అడ్వాన్స్ బుకింగ్ మాస్టారూ.

గుంటూరు_గ్రేస్

ఆ సినిమాలో నన్ను ఆపింది వేరే సంగతి. నవలలో నలుగురు కార్డినల్స్‌లో నాలుగోవాడు కూడా ఫౌంటెన్‌లో చచ్చిపోతాడు. సినిమాలో లాంగ్డన్ అతన్ని కాపాడతాడు, అతనే తర్వాత పోప్ అవుతాడు. చనిపోయిన పోప్‌కి బిడ్డ ఉన్నాడన్న ముక్క నవలలో అన్నిటికంటే పెద్ద రహస్యం. సినిమా దాన్ని ముట్టుకోలేదు. హెలికాప్టర్ నుంచి లాంగ్డన్ చిన్న గుడ్డ పట్టుకుని నదిలోకి దూకడం కూడా తీసేశారు, అందుకు మాత్రం దణ్ణం పెట్టాలి.

పాతపుస్తకాలపురుగు

ఇన్ఫెర్నోలో ఇంకా అన్యాయం. నవల చదవనివాళ్ళు ఈ పోస్టు దాటేయండి.

నవల చివర్లో హీరో వెళ్ళేసరికే వైరస్ వదిలేసి చాలారోజులైంది. ప్రపంచం మొత్తం సోకింది. అది ఎవర్నీ చంపదు, మూడోవంతు మందికి పిల్లలు పుట్టకుండా చేస్తుంది, అంతే. దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. హీరోకి తోడుగా తిరిగిన సియెనా విలన్ కాదు, ఆఖర్లో లాంగ్డన్‌తో కూర్చుని ఇప్పుడేం చేయాలి అని మాట్లాడుతుంది. డాన్ బ్రౌన్ రాసినవాటిలో నాకు గౌరవం కలిగిన ఒకే ముగింపు అది.

సినిమాలో ఇస్తాంబుల్ భూగర్భ జలాశయంలో ఒక సంచి, పక్కన బాంబు, నీళ్ళలో కుస్తీ. సియెనా చెడ్డదై చచ్చిపోతుంది. వైరస్ పెట్టెలో భద్రం. జనం ఇంటికి పోయి అన్నం తినొచ్చు.

కోఠీ_కుర్రోడు

ఇర్ఫాన్ ఖాన్ ఉన్నాడు కదా అన్నా. ఆయన కత్తి పట్టుకున్న తీరు చూసి టికెట్ డబ్బులు వచ్చేశాయి అనుకున్నా. మిగతావాళ్ళంతా ప్రపంచాన్ని కాపాడే టెన్షన్‌లో ఉంటే ఆయన ఒక్కడే ఆఫీసు పని మీద వచ్చినట్టు కూల్‌గా ఉంటాడు.

వేటపాలెం_వాసు

అది మాత్రం ఒప్పుకోవాలి. ఆ సినిమా ఇర్ఫాన్‌ది.

చరిత్రమాస్టారు

మీరందరూ చెప్పినవి వరసగా పెట్టి చూస్తే నాకొకటి కనబడుతోంది. తేలిపోవడానికి కారణం హెయిర్ స్టైల్ కాదు, సెట్లూ కాదు. సినిమావాళ్ళకి దుర్మార్గుడు చచ్చి తీరాలి. కుట్ర నవలకి ఆ అవసరం లేదు. నిజానికి దుర్మార్గుడు తప్పించుకుంటేనే ఆ నవల చరిత్రతో అతుకుతుంది.

ఫ్రెడరిక్ ఫోర్సిత్ 'ది ఒడెస్సా ఫైల్' 1972లో వచ్చింది. అందులో విలన్ ఎడ్వర్డ్ రోష్‌మన్ కల్పిత పాత్ర కాదు. రీగా గెట్టోలో కమాండెంట్‌గా పనిచేసిన నిజమైన నాజీ. నవలలో అతను చివర్లో అర్జెంటీనాకి పారిపోతాడు. 1974లో సినిమా తీశారు, నాజీలని వెతికి పట్టించే సైమన్ వీసెంథాల్ దానికి సలహాదారు. ఆ సినిమాలో హీరో రోష్‌మన్‌ని కాల్చి చంపేస్తాడు. అప్పటికి అసలు రోష్‌మన్ బ్రతికే ఉన్నాడు! 1977లో పరాగ్వేలో చనిపోయాడు. అంటే మూడేళ్ళపాటు ఆ మనిషి తెరమీద చచ్చి, నేలమీద తిరుగుతూ ఉన్నాడు.

'ది బాయ్స్ ఫ్రమ్ బ్రెజిల్' కూడా అంతే. ఐరా లెవిన్ నవల 1976, సినిమా 1978. ఆష్విట్జ్ డాక్టరు మెంగెలెగా గ్రెగరీ పెక్ వేశాడు, కుక్కలు అతన్ని చీల్చేస్తాయి. ఆ సినిమా ఆడుతున్నప్పుడు అసలు మెంగెలె నిజంగానే బ్రెజిల్‌లో దాక్కుని ఉన్నాడు. 1979లో సముద్రంలో ఈతకి దిగి పోయాడు, అతనే అని 1985లో గానీ లోకానికి తెలియలేదు.

నిద్రపట్టదు

మాస్టారూ, ఆ రోష్‌మన్ సంగతి చదివాక ఒళ్ళు జలదరించింది. అతను ఆ సినిమా చూశాడేమో అన్న ఆలోచన వదలడం లేదు. నా పేరు ఊరికే పెట్టుకోలేదు.

రీల్_రాజ్యం

మాస్టారి సిద్ధాంతానికి నేను ఒకటి కలుపుతా, ఒకటి తీసేస్తా.

కలిపేది: 'ది నేమ్ ఆఫ్ ది రోజ్'. ఉంబర్టో ఎకో నవల 1980, సినిమా 1986, షాన్ కానరీ. 1327లో ఇటలీలో ఒక మఠం, వరసగా హత్యలు, అరిస్టాటిల్ హాస్యం మీద రాసి పోగొట్టుకున్న పుస్తకం కోసం వేట. అందులో విచారణాధికారి బెర్నార్డ్ గి చరిత్రలో ఉన్నవాడే. నవలలో అతను పట్టుకున్న పేద పిల్లని తీసుకుని హాయిగా వెళ్ళిపోతాడు, ఆ పిల్లని కాల్చేస్తారని మనకి తెలుసు. సినిమాలో ఊరి జనం అతని బండిని లోయలోకి తోస్తారు, పిల్ల బ్రతుకుతుంది. చరిత్రలో బెర్నార్డ్ గి 1331 దాకా బ్రతికాడు. అచ్చంగా మాస్టారు చెప్పినట్టే.

తీసేసేది: అయినా ఆ సినిమా తేలిపోలేదు! దర్శకుడు జాన్ జాక్ అనో ముందే టైటిల్స్‌లో ఇది ఎకో నవల కాదు, ఆ నవల మీద గీకి మళ్ళీ రాసిన ప్రతి అన్నట్టు వేసుకున్నాడు. అంటే నమ్మమని అడగలేదు. మొహాలు చూడండి అందులో. ఒక్క సన్యాసికి కూడా సరైన పళ్ళు లేవు. మంచు, బురద, పందుల్ని కోసిన రక్తం నింపిన గోళెంలో తలకిందులుగా కాళ్ళు పైకి పెట్టి శవం. లైబ్రరీ మెట్లు ఎటుపోతున్నాయో తెలియకుండా పైకీ కిందకీ తిరుగుతుంటాయి. నవలలో అది ఒకే అంతస్తులో ఉన్న గదుల చిక్కు. తెరమీద బాగుండేలా మార్చాడు, బాగుంది కూడా. ఎవడు బ్రతికాడు ఎవడు చచ్చాడన్నది కాదు, ఆ కాలం కంపు మన ముక్కుకి తగిలిందా లేదా అన్నదే లెక్క.

డల్లాస్_దొర

ఇదిగో, ఇది ఒప్పుకుంటా. డావిన్సీ కోడ్ సినిమాలో ఏ కంపూ లేదు, అంతా ఎయిర్‌పోర్టు లాంజ్‌లా ఉంటుంది.

చరిత్రమాస్టారు

రాజ్యం గారూ, ఆ పిల్ల బ్రతకడం మీకు అడ్డం తగల్లేదా? నాకు ఆ సినిమాలో ఆ ఒక్క ముక్క దగ్గరే మనసు విరిగింది. 14వ శతాబ్దంలో పేద పిల్ల విచారణాధికారి చేతిలోంచి తప్పించుకోదు. ఎకో అందుకే ఆమెకి పేరు కూడా పెట్టలేదు.

రీల్_రాజ్యం

తగిలింది. క్షమించాను. రెండు గంటలు చలిలో కూర్చోబెట్టినవాడికి ఆ మాత్రం ఇస్తాను.

వకీల్‌సాబ్_కాదు

కోర్టు కబురు ఇంకొకటి. 'హోలీ బ్లడ్' రాసిన ముగ్గురిలో బేజెంట్, లీ అనే ఇద్దరు తమ ఆలోచన కాజేశాడని డాన్ బ్రౌన్ పుస్తకం ప్రచురణకర్తల మీద లండన్‌లో కేసు వేశారు. 2006 ఏప్రిల్‌లో ఓడిపోయారు. చరిత్ర అని చెప్పుకుని రాశాక, ఆ చరిత్రని ఎవరైనా నవలలో వాడుకోవచ్చు కదా. ఇది మా కల్పన అని ఒప్పుకుని ఉంటే వాళ్ళ కేసుకి బలం ఉండేదేమో! లీ టీబింగ్ పేరు చూడండి, ఒకరి ఇంటి పేరు యథాతథంగా, ఇంకొకరిది అక్షరాలు తారుమారు చేసి.

అసలు తమాషా ఏంటంటే, తీర్పు రాసిన జస్టిస్ పీటర్ స్మిత్ ఆ తీర్పులోనే కొన్ని అక్షరాలు వాలుగా పెట్టి రహస్య సందేశం దాచారు. విప్పి చూస్తే తనకిష్టమైన అడ్మిరల్ జాకీ ఫిషర్ పేరు, డ్రెడ్‌నాట్ ఓడ పేరు.

ఇంటర్వెల్_బజ్జీ

జడ్జిగారు కూడా యూత్ గ్రూపేనన్నమాట.

గుంటూరు_గ్రేస్

😂😂 మా తాతగారికి చెప్పాలి.

వేటపాలెం_వాసు

ఒక్కరూ 'ది డే ఆఫ్ ది జాకాల్' మాట ఎత్తలేదేంటి? 1971 నవల, 1973 సినిమా, దర్శకుడు ఫ్రెడ్ జిన్నెమాన్. ఫోర్సిత్‌దే. 1962 ఆగస్టులో పారిస్ శివార్లలో ఫ్రాన్స్ అధ్యక్షుడు డీగాల్ కారు మీద నిజంగా జరిగిన కాల్పులతో మొదలవుతుంది. ఆ ముఠా నాయకుణ్ణి నిజంగానే మరుసటి ఏడాది కాల్చి చంపారు. అక్కణ్ణుంచి కల్పన. డీగాల్ హత్య కాలేదని, 1970లో ఇంట్లోనే పోయాడని ప్రపంచానికంతా తెలుసు. హంతకుడు ఓడిపోతాడని మొదటి నిమిషంలోనే తెలుసు. అయినా గోళ్ళు కొరుక్కుంటూ చూస్తాం. ఎందుకు?

ఎందుకంటే వాడు పని చేస్తుంటే చూస్తాం. సమాధుల దగ్గర తిరిగి చిన్నప్పుడే చనిపోయిన పిల్లాడి పేరు రాసుకుంటాడు, ఆ పేరుతో బర్త్ సర్టిఫికెట్ తీసుకుంటాడు, దాంతో అసలు పాస్‌పోర్టే సంపాదిస్తాడు. తుపాకీ విడిభాగాలని కుంటివాడి కర్రలో ఇమిడేలా చేయిస్తాడు. అడవిలో పుచ్చకాయని చెట్టుకి వేలాడదీసి గురి సరిచూసుకుంటాడు. ముందు రెండు మూడు తూటాలు పక్కకి పోతాయి, స్క్రూ తిప్పుతాడు, మళ్ళీ కాలుస్తాడు. ఆఖరి తూటాకి పుచ్చకాయ పేలిపోతుంది. మాట ఒక్కటీ ఉండదు. ఉపన్యాసం అక్కర్లేదు, నమ్మేస్తాం.

డావిన్సీ కోడ్‌లో ఎవరూ పని చెయ్యరు. అందరూ చెబుతుంటారు. అదే దాని జబ్బు, పుస్తకంలోనైనా సినిమాలోనైనా. పుస్తకంలో చెబితే మనం పేజీ వెనక్కి తిప్పుకుని ఆలోచిస్తాం కాబట్టి గడిచిపోయింది.

పాతపుస్తకాలపురుగు

వాసూ, పుచ్చకాయ సీను దెబ్బకి నా ప్రశ్నకి సగం జవాబు దొరికినట్టే ఉంది. అయితే జాకాల్ చరిత్రని మార్చదు, పక్కన నిలబడుతుంది. డాన్ బ్రౌన్ చరిత్రనే తప్పు పడతాడు. రెండో రకానికి చెప్పక తప్పదేమో? 2000 ఏళ్ళ సంగతిని పుచ్చకాయ పేల్చి ఎలా చూపిస్తారు?

వేటపాలెం_వాసు

చూపించలేకపోతే తీయకూడదు. ఎకో రాసిన 'ఫూకోస్ పెండ్యులం' (1988) ఇప్పటికీ సినిమాగా రాలేదు చూడండి. కుట్ర సిద్ధాంతాలు అల్లడమే సరదాగా మొదలుపెట్టిన ముగ్గురు, చివరికి తాము అల్లినదాన్ని నమ్మినవాళ్ళ చేతుల్లో ఇరుక్కోవడం. డాన్ బ్రౌన్ నా నవలలోంచి బయటికొచ్చిన పాత్రే అని ఎకో ఒక ఇంటర్వ్యూలో ఎగతాళి చేశాడు కూడా.

కోఠీ_కుర్రోడు

మన తెలుగులో ఇట్లాంటివి ఎందుకు రావు? కాకతీయుల కోట, కోహినూరు, నిజాం నిధి... మసాలా అంతా మన దగ్గరే ఉంది. ఎవడైనా నవల రాస్తే సినిమావాళ్ళు ఎగబడరా?

డల్లాస్_దొర

రాసినవాడికి ముందు లాయరు కావాలి తమ్ముడూ. ఎవరి తాతని విలన్ చేసినా మనవడు ధర్నాకి వస్తాడు.

ఇంటర్వెల్_బజ్జీ

నిజాం నిధి కథలో ఐటమ్ సాంగ్ కోటలోనా, బ్యాంకు లాకర్లోనా?

మోడరేటర్_సుధ

తెలుగు చారిత్రక నవలల సంగతి వేరే థ్రెడ్ తెరిచాను, అక్కడికి పదండి. ఎవరి మతాన్నీ కించపరచకుండా ఇంతవరకూ నెట్టుకొచ్చారు, సంతోషం. అలాగే ఉండనివ్వండి. ఒక పోస్టు తీసేశాను, ఎవరిదో వాళ్ళకి తెలుసు.

ఇంటర్వెల్_బజ్జీ

నాదే. చెదపురుగు మీద రెండో జోకు.

గుంటూరు_గ్రేస్

రాస్లిన్ గురించి ఒక్క మాట చెప్పి ఊరుకుంటా. మా పిన్ని వాళ్ళు ఎడిన్‌బరోలో ఉంటారు, నన్ను తీసుకెళ్ళారు. చిన్న చాపెల్ అది. సినిమా చూసి పెద్దగా ఊహించుకుని వెళ్ళాను. లోపల రాతిని చెక్కిన తీరు చూస్తే నోట మాట రాదు, ఒక స్తంభానికి చుట్టూ తీగ అల్లినట్టు చెక్కారు. అక్కడ గైడు టెంప్లార్ల (క్రూసేడ్ల నాటి సైనిక సన్యాసుల) మాట రాగానే, చాపెల్ కట్టడం మొదలైంది 1446లో అండీ, టెంప్లార్లని 1312లోనే రద్దు చేశారు అని నవ్వుతూ చెప్పేసింది. మా వెనకాల ఒకాయన అది విని కూడా నేల మీద రహస్య గుర్తు వెతుకుతూనే ఉన్నాడు. నవల వచ్చాక సందర్శకులు ఎన్నో రెట్లు పెరిగారట, ఆ టికెట్ల డబ్బు చాపెల్ మరమ్మతులకి అక్కరకొచ్చింది. పాపం డాన్ బ్రౌన్‌ని తిట్టడానికి వాళ్ళకి నోరు రాదు.

చరిత్రమాస్టారు

నాకూ రాదమ్మా, ఒక విషయంలో. నేను పాఠం చెప్పిన రోజుల్లో నైసియా సభ అంటే క్లాసులో ఆవలింతలు. ఆ నవల వచ్చిన ఏడాది పిల్లలే లేచి అడిగారు, "సార్, ఓట్లేశారా?" అని.

నిద్రపట్టదు

ఇవాళ రాత్రికి ఒడెస్సా ఫైలా, నేమ్ ఆఫ్ ది రోజా? ఒకటే చెప్పండి. రోజ్‌కి 2019లో సిరీస్ కూడా వచ్చిందట, జాన్ టుర్టురోతో.

రీల్_రాజ్యం

రోజ్. 1986 సినిమానే. సిరీస్ నిడివి ఎక్కువ, పళ్ళు కూడా ఎక్కువ.

చరిత్రమాస్టారు

ముందు పుస్తకం చదవండి. మొదటి 100 పేజీలు కొండెక్కినట్టు ఉంటాయి, ఎకో కావాలనే అలా ఉంచాడు. తగ్గించమని సలహా ఇచ్చినా తగ్గించలేదు.

రీల్_రాజ్యం

మాస్టారూ, ఆయన అడిగింది ఇవాళ రాత్రికి. 100 పేజీలు కొండెక్కేసరికి తెల్లారుతుంది.

నిద్రపట్టదు

నాకు కావాల్సింది అదే కదా. పుస్తకమే మొదలుపెడుతున్నా.

ఇంటర్వెల్_బజ్జీ

పేజీ తిప్పేటప్పుడు వేలికి ఉమ్మి రాసుకోకు.

మోడరేటర్_సుధ

బజ్జీ! స్పాయిలర్!